అప్పన్న ముడి జారలేదు

ఆరేళ్ళ క్రితం ఒక మార్చి నెల మధ్యాహ్నం మా పడవ మీద ఒకావిడ చెయ్యి విరిగింది. మా డెక్ మనిషి అప్పన్న కట్టిన ముడి జారిపోవడం వల్ల అలా జరిగిందని పడవ ఓనరూ, ఫిషింగ్ హార్బర్లో మనుషులూ, మా ఇంట్లోవాళ్ళూ నమ్మారు. ముడి జారలేదు. దాన్ని నేను విప్పాను. ఈ మాట ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. అంతకన్నా గొప్ప కారణమేదీ లేదు.

ఇప్పుడు నాకు యాభై నాలుగు. ఎండా ఉప్పుగాలీ కలిసి కంటి మీద పొర పెంచాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక సముద్రం మానమన్నాడు. అంతకుముందు పదిహేనేళ్ళు విశాఖలో తెరచాప పడవ నడిపాను. పడవ మొత్తాన్ని, నడిపే మనిషితో సహా, ఒక రోజుకి మాట్లాడుకుని సముద్రం మీదికి వెళ్ళి రావడం ఇక్కడ ఈ మధ్య బాగా పెరిగింది. ఈ పనిలోకి వస్తామంటూ కొందరు నన్ను కలుస్తున్నారు. సర్టిఫికెట్లు ఎక్కడ తెచ్చుకోవాలో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. మిగతాది రాస్తాను.

వచ్చేవాళ్ళకు ఏం కావాలి

మా నాన్న తణుకు వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో సముద్రం ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను పోర్టులో ఓడలను లాగే టగ్గు మీద కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత తెరచాప నేర్చుకున్నాను. కాబట్టి పని అంటే పడవ నడపడమే అనుకున్నాను. అది సగమే. మిగతా సగం మనుషులు.

మా పడవ ముప్పై రెండడుగులది. ఒక స్తంభం, రెండు తెరచాపలు, హార్బర్లోంచి బయటపడడానికి చిన్న డీజిల్ ఇంజను. ఎక్కేవాళ్ళలో ఎక్కువమందికి తెరచాప మీద ఆసక్తి ఉండదు. దాని పక్కన తాము ఎలా కనిపిస్తున్నామన్నదే ముఖ్యం. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. కానీ ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే వాళ్ళ ఫోటో కోసం మన పని మనం మర్చిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం నాకే జరిగింది.

ముందురోజు ఫోన్లో ఒకే మాట చెప్పేవాణ్ణి: ఇడ్లీ తిని రండి, పూరీ వద్దు. చాలామంది పూరీ తినే వచ్చేవాళ్ళు. ఆ పూరీలు చేపలకు చేరేవి.

మొదటి ఏడాది చేసిన తప్పు ఒకటి చెబుతాను. వేసవి మొదలయ్యే రోజుల్లో ఇక్కడ పదకొండు దాటాక గాలి దక్షిణం నుంచి పడుతుంది. ఉత్తరంగా రుషికొండ వైపు వదిలితే పడవ చప్పుడు లేకుండా జారిపోతుంది, టోపీ కూడా ఎగరదు. అతిథులు మనల్ని దేవుడిలా చూస్తారు. తిరుగు ప్రయాణంలో అదే గాలికి ఎదురు రావాలి. ఒక బ్యాంకు ఆఫీసరు కుటుంబాన్ని అలాగే తీసుకెళ్ళి, రెండు గంటలు అలలకు ఎదురు తెచ్చాను. ఆయన తల్లి పడవ అడుగున పడుకుని, "ఒరే, నన్ను ఇక్కడే దింపెయ్యి, నడిచి వచ్చేస్తాను" అంది. ఒడ్డు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఆ తర్వాత ఎప్పుడూ కష్టమైన దారి ముందు పెట్టాను. డాల్ఫిన్ నోస్ కొండ దాటి యారాడ వైపు గాలికి ఎదురు వెళ్ళి, వచ్చేటప్పుడు గాలిని వెనక పెట్టుకుని రావడం. ఈ పద్ధతి నాకు నేర్పింది అప్పన్న. నేర్పింది అనకూడదు. బ్యాంకు ఆఫీసరు తల్లిని దింపాక నా వైపు చూసి, "ఎదురుగాలి ఆకర్న ఎట్టి ఆవిడికి యమలోకం సూపించేసినావు కద బావా" అన్నాడు. అంతే.

అప్పన్న

అప్పన్నది జాలరిపేట. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇరవై ఏళ్ళు మెకనైజ్డ్ బోట్ల మీద వేటకు వెళ్ళి, నడుం నొప్పి వల్ల వారాల తరబడి ఉండే వేట మానేసి మా పడవకు వచ్చాడు. మొదటి రోజే తాళ్ళన్నీ వేళ్ళతో నలిపి చూసి, "దీంతో గేదిని కూడా కట్టలేం బావా" అన్నాడు. ఓనరు చేత కొత్త తాళ్ళు కొనిపించేదాకా వదల్లేదు.

నేను గాలి కోసం ఫోన్ చూసేవాణ్ణి. అతను పోర్టు బయట లంగరు వేసి ఉన్న ఓడలను చూసేవాడు. లంగరు మీద ఉన్న ఓడ గాలికీ నీటికీ మూతి తిప్పుతుంది. దూరంగా ఉన్న ఓడ మూతి తిప్పిందంటే ఆ గాలి కాసేపట్లో మన దాకా వస్తుందన్నమాట. ఒకసారి అతను, "బొగ్గోడ తిరగతంది. పెద్దసాప దించేద్దాం" అన్నాడు. ఫోన్లో అలాంటిదేమీ లేదు. నేను వినలేదు. పావుగంటలో గాలివాన కొట్టి తెరచాప నిలువునా చిరిగింది.

ఓనరుది ఆనందపురం, ఇటుకల వ్యాపారం. మంచివాడే, కానీ నీళ్ళంటే భయం. పడవ కొన్నాడు గానీ ఒక్కసారి కూడా హార్బరు దాటి రాలేదు. సముద్రం మీద ఏం జరిగిందో మేం చెప్పిందే ఆయనకు తెలుస్తుంది. తెరచాప చిరిగినప్పుడు అప్పన్నను పక్కకు పిలిచి అడిగాడట. అప్పన్న వచ్చి నాతో, "నన్నడిగినాడు. నాను సెప్పను అన్నాను. నీ పడవ, నీ మాట. నువ్వు సెప్పుకో" అన్నాడు. ఆ సారి నేనే వెళ్ళి చెప్పుకున్నాను. ఓనరు రెండు తిట్లు తిట్టి ఊరుకున్నాడు. ఆ రోజు చెప్పగలిగినవాణ్ణి తర్వాత ఎందుకు చెప్పలేకపోయానని చాలాసార్లు ఆలోచించాను. అప్పుడు చిరిగింది గుడ్డ.

ముడి విషయం చెప్పాలి. హార్బర్లో ముడి చూసి అది ఎవరు కట్టారో చెప్పగలిగే మనుషులున్నారు. ఒకడు కొస పొడుగ్గా వదులుతాడు, ఒకడు రెండుసార్లు లోపలికి దోపుతాడు. ముడి బాగా లేదంటే మనిషి బాగా లేడని అర్థం. ఎందుకంటే వల ఆ ముడి మీద ఉంటుంది, వల మీద పదిమంది ఉంటారు. అప్పన్న కొసను రెండుసార్లు దోపి, పిడికిలితో ఒక గుద్దు గుద్దేవాడు.

తాడు చుట్టడం దగ్గర మాత్రం మాకు పడేది కాదు. నేను నేర్చుకున్నది గుండ్రంగా చుట్టి, నడుముకు ఒక మెలిక వేసి, కొక్కానికి తగిలించడం. అతను ఎనిమిది అంకెలా అటూ ఇటూ వేసి కింద వదిలేస్తాడు. "పాములోడి బుట్టలా ఆ సుట్టడమేటి బావా? అందంగా ఉంది, ఏం లాభం? తీత్తే మెలికలు పడతాది" అనేవాడు. ఆ పడవ మీద గుండ్రంగా చుట్టేది నేనొక్కణ్ణే.

కరీం గారి రోజు

కరీం గారు పాతబస్తీలో పుస్తకాలకు బైండింగు చేస్తారు. వాళ్ళ డాబా మీది నుంచి పోర్టు కనిపిస్తుంది. భార్య జుబేదా గారు. ఇద్దరే వచ్చారు. ఇద్దరికోసం పడవంతా తీసుకోవడం అరుదు, అందుకని అడిగాను.

"అరె సాబ్, ముప్పై ఏళ్ళ నుంచి బట్టలారేస్తా మా బేగం ఓడల్ని చూస్తా ఉంది. ఇవాళ ఓడలు ఆమెని చూడాలి" అన్నారు.

"ఈయన మాటలు ఇలాగే ఉంటాయి బాబూ. అట్టలు అతికించేవాడికి ఇన్ని మాటలెందుకో" అంది ఆవిడ.

ఇడ్లీ తినే వచ్చారు. యారాడ వైపు గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు కరీం గారు కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆవిడ మాత్రం ప్రతి తాడూ చూపించి ఇది దేనికి, అది దేనికి అని అడిగింది. అప్పన్న ఓపిగ్గా చెప్పాడు. బూమ్ చూపించాడు. పెద్ద తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే బరువైన దూలం అది. గాలి వెనక ఉన్నప్పుడు బూమ్ ఒక పక్కకి చాపుకుని ఉంటుంది. పడవ కాస్త పక్కకి తిరిగి, గాలి తెరచాపకు అవతలి వైపు పడిందంటే బూమ్ ఒక్క విసురున ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేస్తుంది. అడ్డం ఎవరున్నా చూడదు. అలా రాకుండా దాన్ని ముందువైపుకు లాగి కట్టే తాడును మేం ఆపుతాడు అనేవాళ్ళం. మాది ఎర్ర తాడు.

"అంటే మొత్తం ఈ ఎర్ర తాడు మీదే ఉందన్నమాట" అంది ఆవిడ.

"తాడు మీద కాదమ్మా, ముడి మీద" అన్నాడు అప్పన్న. అని ఒక ముడేసి చూపించి, దాని మీద గుద్దు గుద్దాడు.

ఒక ఫోటో

పడవ తిప్పి గాలిని వెనక పెట్టాం. అప్పన్న ఆపుతాడు కట్టి, కొస నా పక్కన ఉన్న ఇనప కొమ్ముకు ముడేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. సముద్రం మెత్తగా ఉంది. జుబేదా గారు స్తంభం దగ్గర కూర్చుంది. వెనక తెల్ల తెరచాప, ఆ వెనక కొండ. కరీం గారు ఫోన్ తీసి నా పక్కకి వచ్చారు.

"సాబ్, ఆ ఎర్ర తాడు మా బేగం మొహానికి అడ్డం వస్తా ఉంది. ఒక్క నిమిషం తీస్తారా?"

తీయకూడదు. ఆ విషయం నాకు తెలుసు. గాలి వెనక ఉండగా ఆపుతాడు విప్పకూడదని కొత్తవాళ్ళకి మొదటి పాఠంగా చెప్పేవాణ్ణి నేనే. కానీ సముద్రం మెత్తగా ఉంది, ఒక్క నిమిషమే, చుక్కాని నా చేతిలో ఉంది. విప్పాను. అలవాటుగా గుండ్రంగా చుట్టి కొక్కానికి తగిలించాను. తాడు విప్పుతున్నానని అప్పన్నకు కేక వేయలేదు.

ఆయన ఫోటో తీశారు. తర్వాత, "మా ఇద్దర్నీ ఒకటి తీయండి" అని ఫోన్ నా చేతికిచ్చి ఆవిడ పక్కకి వెళ్ళి కూర్చున్నారు. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో ఫోన్. నేను ఫోన్లోకి చూస్తున్నాను. గాలి చూడాల్సిన మనిషి గాలి చూడడం మానేసి ఎంతసేపయిందో నాకు తెలియదు. కొంగు సర్దుకోవడానికి ఆవిడ లేచి నిలబడింది. పడవ ఎడమకి కొద్దిగా తిరిగింది. మెడ మీద గాలి మారినట్టు అనిపించి తల ఎత్తేసరికి బూమ్ వచ్చేసింది. "తల కిందికి" అని అరవడానికి నాకు వ్యవధి లేదు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టకపోతే తలకు తగిలేది.

అప్పన్న టీ గ్లాసులు వదిలేసి పైకి వచ్చాడు. తెరచాపలో ఉండే చెక్క బద్దను లాగి, తువ్వాలుతో ఆవిడ చేతికి కట్టు కట్టాడు. కట్టిన తర్వాత తల తిప్పి నా పక్కనున్న కొక్కెం వైపు చూశాడు. నన్ను చూడలేదు.

ఓనరు అడిగింది

అంబులెన్సు వెళ్ళాక ఓనరు జెట్టీ మీదికి వచ్చాడు. ఆయన అడిగినదీ నేను చెప్పినదీ ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఆ తాడేదో కడతారు కదా, కట్టలేదా?"

"కట్టాం సార్."

"మరి?"

"జారిపోయినట్టుంది."

"ఎవరు కట్టారు?"

"అప్పన్న."

మూడు జవాబుల్లో రెండు నిజాలు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అబద్ధం ఆడాలని నేను జెట్టీ ఎక్కలేదు. 'జారిపోయినట్టుంది' అన్న మాట నా నోట్లోకి దానంతట అదే వచ్చింది. అది వచ్చాక, అవును, జారే ఉంటుంది అని నాకే ఒక క్షణం అనిపించింది. సముద్రం మీదికి ఎప్పుడూ రాని యజమాని దగ్గర పనిచేసేవాడికి ఉన్న అధికారం చాలా పెద్దది. దాన్ని అధికారమని ఎవరూ చెప్పరు.

అప్పన్న పది అడుగుల దూరంలో డెక్ కడుగుతున్నాడు. అన్నీ విన్నాడు. రేపటి నుంచి రావద్దని ఓనరు అన్నప్పుడు బకెట్ బోర్లించి, క్యారేజీ తీసుకుని, చెప్పులు వేసుకున్నాడు. "ఎల్తన్నాను బావా" అన్నాడు. నేను తల ఊపాను.

అప్పన్నకు పని పోవడం చిన్న నష్టం. రెండు వారాల్లో హార్బర్లో ఒక మాట పుట్టింది. ఎవడి తాడైనా జారితే "అప్పన్న ముడేసినావేట్రా?" అనడం. మొదట్లో ఎగతాళి. తర్వాత అతన్ని ఎరగనివాళ్ళు కూడా అనేవారు. ఏ బోటు వాళ్ళూ అతని చేతికి తాడు ఇవ్వలేదు. అతను ఐస్ ప్లాంటులో గడ్డలు మోసే పనికి కుదిరాడు. నడుం నొప్పి ఉన్న మనిషి. ఇవన్నీ నాకు తెలుసు. మా జెట్టీ పక్కనే ఐస్ ప్లాంటు. ఆరేళ్ళు వేరే గేటు గుండా వెళ్ళాను.

ఫోటోలో లేనిది

కంటి ఆపరేషన్ అయ్యాక ఈ అనుభవాలు రాద్దామని పాత డైరీలు బయటికి తీశాను. అట్టలు ఊడిపోయాయి. బైండింగుకి కరీం గారి దగ్గరికి వెళ్ళడంలో ఏ ఉద్దేశం ఉందో నాకే సరిగా తెలియదు.

దుకాణంలో బల్ల పైన గోడకు ఆ ఫోటో ఫ్రేము కట్టి ఉంది. తెల్ల తెరచాప, కొండ, నవ్వుతున్న జుబేదా గారు. ఎర్ర తాడు లేదు. ఏ మూలా లేదు. ఆరేళ్ళుగా నా అబద్ధానికి జవాబు వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేలా ఆ గోడకు వేలాడుతోంది.

ఆవిడ టీ తెచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి కింద కొద్దిగా వంకర. "ఆ పెద్దాయన ఎలా ఉన్నాడు బాబూ, కట్టు కట్టినాయన? డాక్టరు కూడా మెచ్చుకున్నాడు, ఎవరో తెలిసినవాళ్ళే కట్టారని."

పనిలో లేడని చెప్పాను.

"ఎందుకు?"

"ఆ రోజు ముడి జారిందని..."

ఆవిడ నన్నూ, ఫోటోనూ మార్చి మార్చి చూసింది. "జారడమేంటి? ఈయన అడిగితే మీరే కదా విప్పారు. చక్కగా చుట్టి తగిలించారు కూడా. మీరు చెప్పలేదా?"

కరీం గారు జిగురు డబ్బా మూత పెట్టి, "మా వల్లే సాబ్, నేనే అడిగాను" అన్నారు.

"మీరు అడగొచ్చు. ఆయన తీయకూడదు" అంది ఆవిడ. కోపంగా అనలేదు. పడవ మీద ఏ తాడు దేనికో అడిగి తెలుసుకున్నప్పటి గొంతుతోనే అంది.

చెప్పాల్సిన చోటు

మర్నాడు ఉదయం, చేపల వేలంపాట ముగిశాక, ఐస్ ప్లాంటు గేటు గుండా వెళ్ళాను. అప్పన్న గోనెపట్టా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బాగా నెరిశాడు.

"ఏటి బావా, దారి తప్పినావు?"

నిలబడే చెప్పాను. తాడు నేను విప్పాననీ, ఓనరుతో అబద్ధం చెప్పాననీ. అతను టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ రోజే సూసినాను" అన్నాడు. "గుండ్రంగా సుట్టి, నడుంకి మెలికేసి, కొక్కానికి ఏలాడతంది. జారిపోయిన తాడు తనంతట తాను సుట్టుకుని ఎల్లి తగులుకుంటాదేటి?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నాను సెప్తే ఏటి? పనోడు తప్పించుకోడానికి సెప్తన్నాడంటారు. నువ్వు సెప్తావని సూసినాను. రేపు సెప్తాడు, ఎల్లుండి సెప్తాడు అని. ఓ ఏడాది సూసినాను బావా. తరవాత ఒగ్గేసినాను."

క్షమించమన్నాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నాకేటి సెప్తావు? నాకు తెల్సు కదా. తెలీనోల్లు అక్కడున్నారు."

వల కుట్టే షెడ్డు వైపు చూపించాడు. ఎనిమిదిమంది దాకా కూర్చుని వల బాగుచేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు అప్పన్నతో వేటకు వెళ్ళినవాళ్ళే. నేను నడిచాను. అతను వెనక వచ్చాడో లేదో చూడలేదు. నేను చేరేసరికి ఒకడు చేతిలో ఊడిన తాడు కొస ఎత్తి పట్టుకుని పక్కవాడితో అంటున్నాడు: "అప్పన్న ముడేసినావేట్రా?" అందరూ నవ్వారు. నన్ను చూసి, కళ్ళద్దాల పెద్దమనిషి ఎవరా అని నవ్వు ఆపారు.

ముందే అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చిన మాటలు ఇవి.

"తెరచాప పడవ నడిపింది నేనే. ఆ రోజు అప్పన్న ముడి జారలేదు. గట్టిగా కట్టాడు. ఫోటోకి అడ్డం వస్తోందని నేను విప్పాను. ఓనరు అడిగితే జారిందని అబద్ధం చెప్పాను. ఆరేళ్ళు మీరు అన్న ఆ మాట నాది, అతనిది కాదు. ఇక నుంచి తాడు జారితే నా పేరు చెప్పండి."

నా పేరు చెప్పాను. తాడు ఎత్తి పట్టుకున్నవాడు దాన్ని కిందికి దించాడు. వెనక్కి తిరిగితే షెడ్డు గుంజకు ఆనుకుని అప్పన్న నిలబడి ఉన్నాడు. వాళ్ళందరూ వినేలా చెప్పాను.

"అప్పన్నా, నీ ముడి విప్పింది నేను. నీ పేరు పోయింది నా వల్ల. నన్ను క్షమించు."